బ్రహ్మయ్య అమ్మొద్దన్న షేర్లు

“ఇప్పుడెంతుంది అన్నయ్యా?”

అనసూయ అలా అడగడం అది నాలుగోసారి. బ్రహ్మయ్య తన కుర్చీని ఇంకాస్త జరిపి కంప్యూటర్ తెరకు అడ్డంగా కూర్చున్నాడు.

“ఎంతుంటే ఏందిలే చెల్లెమ్మా. నిన్నటి మీద రూపాయో రెండో అటూ ఇటూ.”

నిజానికి ఆ ప్రభుత్వ బ్యాంకు షేరు నలభై రెండు రూపాయలు పడిపోయింది. ఓట్ల లెక్కింపు మొదలై రెండు గంటలైంది. ఢిల్లీలో ఎవరికీ నిండా బలం వచ్చేట్టు లేదు. గొడవలవుతాయన్న భయంతో నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో సగం దుకాణాలు తెరవలేదు. గోపీనాథ్ కూడా తన షేర్ల ఆఫీసు షట్టర్‌ను నడుము ఎత్తు వరకే లేపాడు. ఆ సందులోంచి వంగి లోపలికి వచ్చింది ముగ్గురే. నలభై ఏళ్ళు మిర్చి వ్యాపారం చేసిన బ్రహ్మయ్య, బస్టాండు వెనక మోటారు సైకిళ్ళు బాగుచేసే నూర్ మొహమ్మద్, ఈపూరు హాస్టల్లో వంట చేసి రిటైరైన అనసూయ. అరిగిపోయిన మోకాళ్ళతో అనసూయ దాదాపు పాక్కుంటూనే వచ్చింది.

ఆ మోకాళ్ళ ఆపరేషన్ కోసం దాచుకున్న రెండు లక్షలూ ఆమె బ్రహ్మయ్య మాట మీద, ఆయనతో పాటే ఈ బ్యాంకు షేర్లలో పెట్టింది. నిన్న షేరు ఎగిరినప్పుడు, ఇప్పుడు అమ్మితే ఆపరేషన్‌కు సరిపోతుందేమోనని నెమ్మదిగా అడిగింది కూడా. బ్రహ్మయ్యే ఒప్పుకోలేదు. రేపు ఫలితాలొస్తే ఇంకా ఎగురుతుందని చెప్పి, అందరికీ పునుగులు తెప్పించాడు. ఆమె సరేనని తల ఊపింది.

షేర్ల గురించి బ్రహ్మయ్యకు తెలిసిందంతా మిర్చి నేర్పిందే. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టినవాడు ఓపిక పట్టాలి. ఒక్కడు తొందరపడి అమ్మితే యార్డులో అందరి ధరా పడిపోతుంది. రోజూ ఈ ఆఫీసులో కలిసి కూర్చునే వాళ్ళలో నాలుగోవాడు నెహెమ్యా, ఉగాది వెళ్ళాక వెల్దుర్తి చేలో బోరు వేయించడానికి తన నూట యాభై షేర్లూ అమ్మేశాడు. ఆ రోజు బ్యాంకు రెండు రూపాయలు దిగింది. నెహెమ్యా అమ్మబట్టే దిగిందని బ్రహ్మయ్య తేల్చాడు. బొంబాయి షేర్ మార్కెట్ మొత్తం మన నెహెమ్యా కోసమే కాసుక్కూర్చుందని నూర్ మొహమ్మద్ నవ్వినా ఆయన నవ్వలేదు. ఆనాటి నుంచి నెహెమ్యాతో మాటల్లేవు. అతను టీ తాగడం కూడా బస్టాండుకు మార్చుకున్నాడు. అతని కుర్చీ మాత్రం ఇక్కడే ఉంది. అనసూయ రోజూ తన కుర్చీతో పాటు దాన్నీ కొంగుతో తుడుస్తుంది.

పొద్దున్నే బ్రహ్మయ్య టీవీ కట్టేయించాడు. అనసూయ ముందు ధర మాట ఎత్తొద్దని మిగతా ఇద్దరికీ చెవిలో చెప్పాడు. బండికైతే బ్రేకు బిగించగలను గానీ ఈ పడిపోయే షేరుకు నా దగ్గర సామాను లేదని నూర్ మొహమ్మద్ గొణిగాడు.

“ఎవరు గెలిస్తే మన బ్యాంకుకు మంచిది అన్నయ్యా?” అంది అనసూయ.

“ఎవరొస్తే ఏంది. అది సర్కారు బ్యాంకు.”

“సర్కారు ఎవరిదో తేలాలిగా అన్నా,” అన్నాడు నూర్ మొహమ్మద్. బ్రహ్మయ్య అతని కాలు తొక్కాడు.

అనసూయ సంచిలోంచి మజ్జిగ సీసా తీసింది. పొద్దుటి మాత్ర వేసుకున్నాడో లేదో బ్రహ్మయ్యను అడిగింది. నిరుడు ఆయనకు గుండెలో స్టెంటు వేశారు. ఎడమ చెయ్యి లాగుతోందా అనీ, ఫ్యాను కిందికి జరగమనీ పోరుపెట్టింది. తన రెండు లక్షలు కరిగిపోతుంటే ఈ పిచ్చితల్లికి నా మాత్ర గొడవేమిటి, లోకంలో ఇంత అమాయకురాలు ఉంటుందా అనుకున్నాడు బ్రహ్మయ్య. ఆమె గ్లాసులో పోసిచ్చిన మజ్జిగను ఆమె వైపు చూడకుండానే తాగేశాడు.

పదకొండున్నరకు షేరు యాభై ఐదు రూపాయలు పడింది. బ్రహ్మయ్య చొక్కా వీపంతా తడిసింది.

“నెహెమ్యా కూడా ఉంటే బాగుండేది,” అంది అనసూయ.

“వాడి పేరెత్తమాక.”

“అవసరమొచ్చి అమ్ముకున్నాడు. అది తప్పా అన్నయ్యా?”

“తప్పే. మాట మీద నిలబడనోడితో నాకేంది పని. నువ్వు నిలబళ్ళా?”

అనసూయ తల వంచుకుని ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది.

ఇక ఆయన కూర్చోలేకపోయాడు. లేచి గోపీనాథ్‌ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు చేరవేశాడు. ఆమె ఏడొందల షేర్లూ నిన్నటి ధరకు తానే కొంటానన్నాడు. నిన్ననే పొరపాటున అమ్ముడుపోయాయని ఏదో ఒకటి ఆమెకు చెప్పమన్నాడు. తన దగ్గర మిర్చి డబ్బు ఇంకా ఉందనీ, ఈ సంగతి ఆమె చెవిన పడకూడదనీ అన్నాడు.

“అట్లా కుదరదు బాబాయ్.”

“ఎందుకు కుదరదురా? అవి ఆపరేషన్ డబ్బులు. ఆయమ్మ నడవలేక నడుస్తోంది. నా మాట విని మునిగింది. రేపు ఏ మొహం పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చోను?”

గోపీనాథ్ తలుపు సందులోంచి బయటికి చూశాడు. అన్నయ్యను ఎండలో నడవనీయొద్దనీ, ఆటో మాట్లాడి ఇంటిదాకా నువ్వే దింపిరావాలనీ అనసూయ నూర్ మొహమ్మద్‌కు మెల్లగా అప్పగింతలు పెడుతోంది.

గోపీనాథ్ తలుపు పూర్తిగా మూసి, బ్రహ్మయ్య భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“అనసూయ పిన్ని నిన్ననే అన్నీ అమ్మేసింది బాబాయ్.”