పద్నాలుగో ప్రశ్న

"పద్నాలుగో ప్రశ్న. కష్టమొస్తే మనసు విప్పి చెప్పుకోవడానికి మీకు ఎంతమంది ఉన్నారు?"

"పోయిన నెల జెప్పిన గదా మేడం. ముగ్గురు. మా బేబీ, పక్కింటి రుక్మాబాయి, పైనున్న ప్రభువు."

"ప్రభువును లెక్కలో వేయకూడదు కృష్ణమ్మా."

"అట్లయితే ఇద్దర్నే రాస్కోండ్రి."

ప్రొఫెసర్ అమల రాసుకుంది. మనిషికి మనిషి తోడుంటే ఒత్తిడి ఎంత తగ్గుతుందన్నదే ఆమె ముప్పై ఏళ్ల పరిశోధన. దాని మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. ఇప్పుడేమో ఈ జహనుమా బస్తీలో నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. మునుపు విద్యార్థులు జీపులో వచ్చి బస్తీ అంతా తిరిగేవారు. ఇప్పుడు తనే ఆటోలో వస్తోంది. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి ఫారంలో అక్షరాలు కూడా వెలిసిపోయాయి.

కృష్ణమ్మ కూతురు బేబీ స్టీలు డబ్బా తెచ్చి ఠక్కున ముందు పెట్టింది. లోపల బిస్కెట్లు. మూత మీద యూనివర్సిటీ పేరు, తేదీ చెక్కి ఉన్నాయి. అమల మూత తీసి బోర్లా పెట్టింది.

"ఏమనుకోకండ్రి మేడం," అంది బేబీ. "అమ్మకు మోకాళ్లు మస్తు నొస్తున్నయి. నెలనెలా గంటసేపు గూసోబెడితే ఎట్ల? ఇగ వేరే ఇల్లు చూస్కోండ్రి."

అమల ముఖం పాలిపోయింది. "మధ్యలో ఆపితే ఇన్నేళ్ల సర్వే పాడవుతుందమ్మా. దయచేసి ఆపొద్దు."

అంత పెద్దావిడ బతిమాలుతుంటే బేబీకే ఏదోలా అయింది.

"నీకెందుకే ఈ లొల్లి? చాయ్ పెట్టు, పో!" కృష్ణమ్మ కసిరింది. "మీరడగండ్రి మేడం. అవునూ, మీకెంతమందున్నరు?"

"ప్రశ్నలు అడిగేది నేను కదా," అంటూ నవ్వబోయింది అమల. నవ్వు రాలేదు.

చాయ్ తాగింది. కృష్ణమ్మకు బీపీ చూసింది. కృష్ణమ్మ పట్టుబట్టడంతో తన బీపీ కూడా చూసుకుంది. "వచ్చే నెల మొదటి శనివారం వస్తాను," అని చెప్పి, వచ్చినప్పటికన్నా తేలిగ్గా మెట్లు దిగింది.

ఆటో కదలగానే బేబీ అందుకుంది. "ఆమెకైతే సర్వే గావాలె. నీకేమొస్తదమ్మా? ఇన్నేండ్లల్ల ఈ డబ్బా తప్ప ఏమన్న ఇచ్చిన్రా?"

ఆ డబ్బాలు బస్తీలో ఇంటింటికీ పంచి ఆరేళ్లు. బేబీ అప్పుడు సంతోష్‌నగర్‌లో అత్తగారింట్లో ఉంది. కృష్ణమ్మ మోకాలు రుద్దుకుంటూ మూత పెట్టింది.

"సర్వే అయిపోయిందనే ఈ డబ్బా ఇచ్చిన్రు బిడ్డా."