ఊతకర్ర

తెల్లవారేసరికి మబ్బు కొండ సగానికి దిగింది. మైలవరం దాటాక ఆటో దిగిన సుస్మితకు పైదారి కనబడలేదు.

"వానొస్తే రాళ్లు జారతాయేమోనండీ," అంది భర్తతో.

"కర్రలుండగా భయమేంటి?" జయంత్ మడత కర్రలు రెండూ లాగి పొడుగు చేశాడు. "పటమటలో ఫుట్‌పాత్ మీద కొన్నా. ఎవరిదో కొట్టు మూసేశారట, చౌకగా వచ్చాయి."

దారి మొదట్లో రూతు నడిపే టిఫిన్ బండి పక్క బెంచీ మీదున్న తెల్లగడ్డం పెద్దాయన చివాలున లేచాడు. వెదురుకర్ర ఆనించుకుంటూ వచ్చి, మడత కర్రకు అంటించిన కాగితాన్ని బొటనవేలితో తడిమాడు.

"వీటితో వద్దు బాబూ. ఎక్కేటప్పుడు బాగానే ఉంటాయి. దిగేటప్పుడు బరువు మోపితే లోపలికి జారిపోతాయి."

"అయితే నీ వెదురు కొనమంటావా తాతా? ఒక్క కర్రతోనే వ్యాపారమా?"

పెద్దాయన నవ్వలేదు. వెదురు సుస్మిత చేతిలో పెట్టాడు.

"నీ బరువంతా వెయ్యమ్మా. కిర్రుమందా? లేదుగా. డబ్బులొద్దు, దిగొచ్చాక ఇవ్వు."

మడత కర్రలు రెండూ జయంతే పట్టుకున్నాడు.

సగం ఎక్కాక వెనక చప్పుడు. ఆకుల మీద ఎవరో కాలీడుస్తున్నారు.

వీళ్లు ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది.

సుస్మిత గొలుసును చున్నీ కిందికి తోసుకుంది. సెల్‌లో సిగ్నల్ లేదు.

మబ్బులోంచి తెల్లగడ్డం బయటపడింది.

"ఏవండీ, అతనే!"

"ఏయ్! మా వెంటపడ్డావేంటి? పోతావా, పోలీసులకి చెప్పనా?" జయంత్ రాయి తీశాడు.

"దిగేటప్పుడు జాగ్రత్త బాబూ," అని పెద్దాయన వెనుదిరిగాడు.

దిగుతుండగా వాన పట్టుకుంది. లోయ అంచున జయంత్ బరువు మోపాడు. కర్ర టక్కున లోపలికి పోయింది. మనిషి బోర్లాపడి జారాడు. కాళ్ల కింద ఏమీ లేదు.

"సుస్మీ!"

ఆమె చెట్టు మొదలుకు కాలు తన్నిపెట్టి వెదురు అందించింది. అది వంగింది. విరగలేదు.

కిందికొచ్చేసరికి పెద్దాయన బెంచీ మీదే ఉన్నాడు. చీరుకుపోయిన ఆయన మోకాలికి రూతు పసుపు అద్దుతోంది.

"ఊతకర్ర మీకిచ్చేసి, ఆ కుంటికాలుతో వట్టి చేతుల్తో ఎక్కారమ్మా నిసార్ గారు," అంది రూతు. "మిమ్మల్ని దింపుకొస్తానని. దిగుతూ పడ్డారు. పోయినేడు ఆ లోయ అంచునే ఆయన కొడుకు అబ్దుల్లా పోయాడు. చేతిలో ఇట్లాంటి మడత కర్రే. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇక్కడే ఉంటారు."

జయంత్ వెదురుకర్ర తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు.

"పాతసామాన్లవాడికి విరగ్గొట్టమనే ఇచ్చాను," అన్నాడు పెద్దాయన, తనలో తనే.

రూతు ముగ్గురికీ ఉప్మా పెట్టింది.

తింటుంటే, బెంచీకి ఆనించిన మడత కర్ర మీది తడికాగితం సుస్మిత కంటబడింది: నిసార్ అహ్మద్ అండ్ సన్, విజయవాడ.