ఇద్దరూ నొక్కితేనే

"మళ్ళీ పాయె!" ఎల్లప్ప ఫోనును బెంచీ మీద పెట్టేశాడు. "నాలుగో శనివారం ఇది. ఇంత సదువు సదివి, ఈ చిన్న మార్పు చేయలేవా పాపా?"

"నా ఫోనులో లోపం లేదని ఆయప్పకు చెప్పు గ్రేసమ్మా," అన్నాడు బెంచీకి అవతలి కొసన కూర్చున్న ఢిల్లీబాబు.

ఆయప్ప అంటే వేరెవరో కాదు, సొంత అన్న ఎల్లప్పే. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. నాయన వదిలిపోయిన పడవకు పచ్చరంగు వేయాలా, నీలం వేయాలా అన్నచోట మొదలైన పంతం. పడవ ఇప్పటికీ సగం పచ్చ, సగం నీలం.

పులికాట్ ఒడ్డున ఆ ఊళ్ళో ఏ రోజు ఎవరు వల వేయాలో చీటీలు తీసి వంతులు పంచుకుంటారు. వంతులు మార్చుకుంటే ఊరి పెద్ద మోహన నోటుపుస్తకంలో కొట్టివేతలు, ఆ కొట్టివేతల మీద తగవులు. తిరుపతిలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తూ శనివారాలు ఊరికొచ్చే గ్రేసీ, ఆరునెలలు కష్టపడి, వంతులు ఫోనులోనే మార్చుకునేలా తన ఊరికోసం ఒక వెబ్‌సైట్ చేసింది. పూర్తిగా తన చేత్తో రాసిన మొదటి పని అది. దాన్ని ఉంచాలో తీసేయాలో రేపటి ఊరికూటంలో తేలుస్తారు.

ముప్పై మార్పులు చక్కగా జరిగాయి. ఈ అన్నదమ్ములదే మొండికేసింది. ఎల్లప్పది బుధవారం, ఢిల్లీబాబుది శుక్రవారం. మార్చమని ఇద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నారు.

"అసలిది ఎందుకు ఎనక్కి పోతాది?" అడిగాడు మోహన.

"దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు మామా. అన్న వంతు తమ్ముడి పేర రాయాల, తమ్ముడిది అన్న పేర రాయాల. ఒకటి రాసినాక కరెంటు పోయిందనుకో, ఒకరికి రెండు వంతులు, ఇంకొకరికి ఏమీ లేదు. అందుకని రెండూ జరిగితేనే ఖాయం. లేదంటే రెండూ ఎప్పటిమాదిరే. ఫోనులో 'సరే', 'వద్దు' అని రెండుంటాయి. ఇద్దరూ రెండు నిమిషాల్లో 'సరే' నొక్కాల."

ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా అందేది పడవల రేవులోని ఈ బెంచీ దగ్గరే. అందుకే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టక తప్పలేదు. మొదటి వారం వాళ్ళ మధ్య ముగ్గురు పట్టేంత ఖాళీ. రెండో వారం ఎల్లప్ప ఫ్లాస్కులో టీ తెచ్చుకుని ఒక్కడే తాగాడు. మూడో వారం ఢిల్లీబాబు వేయించిన రొయ్యల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టి, "కాకులకు" అన్నాడు. కాకులు రాలేదు గానీ డబ్బా ఖాళీ అయింది. ఈ వారం ఫ్లాస్కుతో పాటు రెండు గ్లాసులు వచ్చాయి.

పాపం, గ్రేసీ ఇవేవీ చూసే స్థితిలో లేదు. కోడు తిరగరాసింది, గడువు పెంచి చూసింది. ఏం చేసినా తెరమీద అదే ముక్క, "మార్పు జరగలేదు" అని.

"ఇంకొక్కసారి. ఇద్దరూ ఒకేసారి నొక్కండి. ఒకటి, రెండు, మూడు!"

ఎండకు కనబడటం లేదంటూ ఎల్లప్ప ఫోను మీద తువ్వాలు కప్పి నొక్కాడు. ఢిల్లీబాబు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నొక్కాడు.

మార్పు జరగలేదు.

"ఇంక సాలు పాపా," అన్నాడు మోహన. "రేపు కూటంలో సెప్పేస్తా. మళ్ళీ నోటుపుస్తకమే."

"ఏందప్పా తొందర? ఇంకో వారం సూద్దాం!"

అన్నదమ్ములిద్దరూ ఒకే గొంతుతో అన్నారు. అనేసి, ఉలిక్కిపడి చెరో దిక్కుకు తిరిగారు.

మోహన నోరెళ్ళబెట్టాడు. "ఓర్నీ! ఇంతసేపూ ఈ పిల్లను తిట్టింది మీరే గదా? సరే, ఉంచుదాం. కానీ తప్పు యాడ ఉండాదో రేపు ఊరికి చెప్పాల్సిందే."

గ్రేసీకి అప్పుడు తట్టింది. నాలుగు వారాలుగా డేటాబేసునే తవ్వుతోంది తప్ప, ఆ ఫోన్ల నుంచి సర్వర్‌కు ఏం వచ్చిందో చూడనే లేదు. ఆ చిట్టా తెరిచింది. ఒకసారి చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది.

తలెత్తితే, ఎల్లప్ప రెండో గ్లాసులో టీ పోస్తున్నాడు. "చక్కెర సాలిందో లేదో ఆయప్పను అడుగు పాపా."

"సాలిందని చెప్పు."

గ్రేసీ ల్యాప్‌టాప్ మూసేసింది.

"దొరికిందా?" అడిగాడు మోహన.

"దొరికింది మామా. తప్పు నా ప్రోగ్రాంలోనే. రేపు కూటంలో నేనే లేచి చెప్తా. సరిచేసేదానికి శానా వారాలు పడతాది. అంతవరకు వీళ్ళిద్దరూ శనివారం శనివారం ఈడికి రావాల్సిందే."

నాలుగు వారాలూ ఇద్దరూ నొక్కింది 'వద్దు'.