తోకలో చప్పుడు

ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరికి పడమరగా, గొర్రెలు మేసే బయలులో రుచిత ఆ చిన్న విమానాన్ని దించింది. తల్లీకూతుళ్లు రెక్క కిందే గుడారం వేసుకున్నారు. తల్లి శేషుకుమారి, తన భర్త కోటేశ్వరరావుతో కలిసి ఇంటి గరాజులో కట్టిన విమానం అది. ఆయన పోయి ఏడాదైంది. తెల్లారితే దాన్ని కొన్నవాళ్లకు అప్పగించేయాలి. దానితో ఈ ఒక్క రాత్రి గడిపితే చాలనుకుంది ఆమె. మాగాయ అన్నం తిని చుక్కలు చూస్తూ కూర్చుంది.

విమానం తోకలో టక్‌మంది.

"మెటల్ కూల్ అవుతోంది మమ్మీ. గో టు స్లీప్," అంది రుచిత గుడారంలోంచి.

"మీ నాన్న ఇలాగే తట్టేవారే."

రేకులు బిగించే రివెట్లు వేసేటప్పుడు ఆయన తోకలోకి దూరి ఇనపదిమ్మె ఆనించి పట్టుకుంటే, బయటి నుంచి ఆమె కొట్టేది. ఆ మోతలో మాటలు వినపడేవి కావు. ఆయన ఒకసారి తడితే ఇంకో దెబ్బ వెయ్యమని, రెండుసార్లు తడితే సరిపోయిందని.

"మమ్మీ, డోంట్ బి క్రీపీ!"

శేషుకుమారి నవ్వుకుంటూ లేచి, చల్లటి రేకు మీద పిడికిలితో ఒక దెబ్బ వేసింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

తర్వాత లోపల టక్, టక్.

"సరిపోయిందాండీ?" అంది మెల్లగా. ఏడాదిగా లేని నెమ్మది మనసును ఆవరించింది.

సరిపోయిందంటే ఆయన ఆ ఇరుకులోంచి మోచేతుల మీద పాక్కుంటూ బయటికి వచ్చేవారు. ఇప్పుడు లోపల ఏదో బరువుగా, రేకుకు రాసుకుంటూ, తలుపు వైపు జరుగుతోంది.

"అమ్మా, ఏంటది?" రుచిత గుడారంలోంచి తల బయటపెట్టింది.

శేషుకుమారి తలుపు గడియ తీసి, ఎప్పటిలాగే చెయ్యి అందించింది.