పేగు ఫొటో

"జర దూరం జరుగు బిడ్డా, మీద పడ్తది," అంటూ కొత్తపేట మటన్ షాపులో బోటి కడిగే అండాలమ్మ మేక పేగును పుల్లతో లోపలిది బయటికి తిప్పింది.

ఫార్మసీ చదివే రోహిణి కంపుకి రెండడుగులు వెనక్కి జరిగింది. ముక్కు మూసుకునే ఫొటో తీసింది.

"ఇదెందుకు?"

"ప్రాజెక్టు, పెద్దమ్మా. బీపీ గోలీ ఏసుకుంటే యాంటీబయాటిక్ పేగుల నుంచి ఒంట్లకు ఎక్కుతదా లేదా, మేక పేగుల పోసి చూడాలె."

అండాలమ్మ చీము పట్టిన వేలు చూపించింది. "నేను రెండూ మింగుతున్న. నెలైనా గీ పుండు మానలే. ఏం తేలిందో నాక్కూడ చెప్తవా?"

ప్రయోగం చెయ్యకుండానే రిపోర్టు రోహిణి బ్యాగులో సిద్ధంగా ఉంది. అంకెలన్నీ సీనియర్ రిపోర్టులోంచి ఎత్తినవే. ఈ ఫొటో ఒక్కటే తక్కువ.

రోహిణి బ్యాగు జిప్పు గట్టిగా లాగి మూసింది. కంపు అందులోంచే వస్తోంది.