గొంతుకడ్డం

రైలు వేమూరు దాటుతుండగా ఎదుటి సీటు పెద్దాయన రెండు చేతులతో గొంతు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా మసాలా వడ తింటూ కబుర్లు చెప్పిన మనిషి. ఇప్పుడు దగ్గు లేదు, మాట లేదు. కళ్లు వెళ్లుకొచ్చాయి. మొహం నల్లబడుతోంది.

ఏమైందండీ, ఏమైందండీ అంటూ ఆయన భార్య మాణిక్యాంబ నీళ్ల సీసా మూత తీసింది.

"నీళ్లొద్దు పిన్నిగారూ," అంది సుమయా.

తెనాలిలో బట్టలు కుట్టుకునే పిల్ల. అక్క కాన్పుకని రేపల్లె వెళ్తోంది. అలా అనేసిందే గానీ తర్వాత ఏం చెయ్యాలో ఒక్క క్షణం పాలుపోలేదు. గొంతుకి ఏదైనా అడ్డం పడితే ఏం చెయ్యాలో ఆ మధ్య పొదుపు సంఘం మీటింగులో ఎవరో వచ్చి చూపిస్తే, వెనక వరసలో కూర్చుని సగమే విన్నది. పైగా పరాయి మగమనిషి, తండ్రి వయసువాడు. పెట్టెలో వాళ్లంతా చూస్తున్నారు.

ఆయన మోకాళ్లు వంగిపోతుంటే ఇక ఆలోచించలేదు. ఆయన వెనక్కి చేరి, చుట్టూ చేతులు వేసి, గుప్పిట బిగించి లోపలికీ పైకీ ఒక్క గుంజు గుంజింది.

ఇదేం పనని ఒకాయన కసిరాడు. ఇంకొకాయన ఆమె భుజం పట్టి వెనక్కి లాగబోయాడు. చచ్చిపోతారమ్మా, వదిలెయ్యమని మాణిక్యాంబ ఏడుస్తూ బతిమాలింది. సుమయా వదల్లేదు. లోపల అల్లాని తలుచుకుంటూ మళ్లీ గుంజింది. మళ్లీ.

వడ ముక్క ఎగిరి కిటికీ కింద పడింది. ఆయన ఈల వేసినట్టు గాలి పీల్చాడు, దగ్గాడు, సీట్లో కూలబడ్డాడు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఇందాక లాగబోయిన మనిషే పేపరు మడిచి ఆయనకి విసరసాగాడు. మాణిక్యాంబ సుమయా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

భట్టిప్రోలు వచ్చేసరికి ఆయన తేరుకుని, ఆమెని దగ్గరికి పిలిచాడు. అంతమందిలో అలా పట్టుకున్నందుకు ఏమంటాడోనని ఆమె తల వంచుకుంది.

"ప్రాణం నిలబెట్టావు తల్లీ," అన్నాడు బొంగురు గొంతుతో. "కాకపోతే గుప్పిట పక్కటెముకల మీదికి వచ్చింది, కాస్త కిందికి పెట్టాలి. ఇవాళ రేపల్లెలో ప్రథమ చికిత్స క్లాసు చెప్పేది నేనే, నువ్వూ రా."