మాదిరి జవాబు

"రండి, కూర్చోండి. ముందు కాసిని నీళ్ళు తాగండి," అంది ఆమె.

"నీళ్ళిచ్చారంటేనే అర్థమైపోయింది మేడం," అన్నాడు భర్త, కుర్చీ అంచున కూర్చుని.

"అబ్బా, అలా అనకూడదండీ. మీకింకా ఏమీ తెలీదు. మామూలుగా వచ్చారు."

"హెచ్ఆర్ గదికి ఎవడూ మామూలుగా రాడు. పిలుపు రాగానే ఎందుకో తెలిసిపోతుంది."

నిజమే అనిపించి ఆమె నోట్సులో రాసుకుంది.

వంటింట్లో ఇద్దరూ ఆమె పరీక్షకి రిహార్సలు వేస్తున్నారు. బల్ల మీద, పంచదార డబ్బాకి ఆనించి ఫోను. పక్కన గడియారం. మనిషిని పనిలోంచి తీసేసే కబురు తొంభై సెకన్లలో ముగించాలని పాఠం. 'తీసేస్తున్నాం' అనకూడదట, 'విడుదల చేస్తున్నాం' అనాలట. వాడేదో జైల్లో ఉన్నట్టు! గొంతు పెంచకూడదు, క్షమించమనకూడదు. పొట్ట కొట్టడానికీ ఒక సిలబస్, దానికో సర్టిఫికెట్టు.

ఆ సర్టిఫికెట్టు ఆమెకి కావాలి. ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళుగా హాజరు గుమాస్తా. ఎవరెన్నింటికి వచ్చారు, ఎవరికెన్ని సెలవులు మిగిలాయి, ఇదే బతుకు. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు డిగ్రీ కాగితాలు చూపించి ఆమె మీద ఆఫీసర్లయి కూర్చున్నారు.

ఈ ఆన్‌లైన్ కోర్సు సంగతి మోసుకొచ్చింది భర్తే. ఆయన విడిభాగాల గోడౌన్‌లో సూపర్‌వైజరు. "మా హెచ్ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చదువుతోందట. నువ్వూ చేరు. ఇంకెన్నాళ్ళు పక్కవాళ్ళ హాజరు వేస్తూ కూర్చుంటావు?" అన్నాడు. ఏడు నెలల నుంచీ బస్సులో పాఠాలు, భోజనాల గంటలో పరీక్షలు.

మొన్న ఫ్యాక్టరీలో పెద్దసారు పిలిచాడు. "ఆదివారం వీడియో పరీక్ష పాసై రామ్మా. సోమవారం ఆఫీసరు కుర్చీ నీది. మొదటి పని కూడా సిద్ధంగా ఉంది." సొరుగులోంచి అంటించిన కవరొకటి తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టి తాళం వేశాడు. తీసేయాల్సినవాళ్ళ పేర్లు అందులో ఎన్నున్నాయో చెప్పలేదు. కవరు మాత్రం లావుగానే ఉంది. మెట్ల కింద గది ఖాళీ చేయించి, తలుపు దగ్గరగా ఒక కుర్చీ వేయించారు. ఆ దారిన పోయేవాళ్ళు ఇప్పటికే అడుగులు వేగంగా వేస్తున్నారు.

"ఆ కవర్లో నీ పేరే ఉంటే?" అన్నాడు భర్త.

"నోరు మూసుకోండి," అంది. ఆ మాట మాత్రం రెండు రోజులు గుచ్చుతూనే ఉంది.

ఆమెకున్న ధైర్యం ఒక్కటే. నాలుగో వారంలో, 'ఉద్యోగికి ఈ కబురు ఎలా చెప్తారు?' అన్న ప్రశ్నకి ఆమె రాసిన జవాబుని టీచరు మాదిరి జవాబుగా కోర్సులో అందరికీ పెట్టింది. ముఖ్యంగా చివరి వాక్యాన్ని మెచ్చుకుంది: 'ఇంట్లో ఇవాళే చెప్పనక్కర్లేదు. మీకు వీలైనప్పుడు చెప్పండి.' దాని కింద, 'ఇందులో మనసుంది' అని రాసింది.

"ఇవాళ్టికి నీ జవాబుని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు?" అడిగాడు భర్త.

"నాలుగొందల పన్నెండు. అందరూ ఎక్కడో ఒకచోట హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్ళే, తెలుసా?"

"అంతమందీ చదువుకోడానికేనా?"

"మరి?"

ఆయన లేచి గ్లాసులో మళ్ళీ నీళ్ళు నింపుకొచ్చాడు.

ఆ చివరి వాక్యాన్ని మాత్రం ఆమె ఇంట్లో ఎప్పుడూ పైకి అనలేదు. సొంత వంటింట్లో కూర్చుని ఆ మాట అనడానికి నోరు రాలేదు. అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. "చివర ఒకటుంది. అది పరీక్షలోనే అంటాను." ఏమిటో చెప్పమని ఆయన మొదట్లో సతాయించేవాడు. ఈమధ్య అడగడం మానేశాడు.

ఈమధ్య ఆయన నటన కూడా పండుతోంది. "మేడం, గుర్తింపు కార్డు ఇక్కడే ఇచ్చేస్తాను. గేటు దగ్గరయితే అందరూ చూస్తారు," అని తల దించుకుంటుంటే ఆమెకే ఒళ్ళు జలదరించేది.

"మీరు నాటకాల్లో చేరాల్సినవారు."

"ఇంకా మించిపోలేదు."

ఎనిమిదింటికి భోజనం డబ్బాతో వెళ్ళి ఆరింటికల్లా వస్తున్నాడు. చొక్కాలకి గ్రీజు మరకలు కూడా ఉండటం లేదు. "ఇప్పుడన్నీ కాగితం పనులే," అన్నాడు. ఉతికే బాధ తప్పిందని ఆమె సంబరపడింది.

ఆదివారం పదకొండింటికి పరీక్ష. ఫోను తెర మీద పరీక్షకురాలు. ఫోను వెనక, ఆవిడకి కనబడకుండా, ఉద్యోగి వేషంలో భర్త.

ఆమె మంచినీళ్ళిచ్చింది. కంపెనీ పరిస్థితి చెప్పింది. విడుదల అంది. సామాన్లు సర్దుకోడానికి అట్టపెట్టె చూపించింది.

"మేడం, నా వల్ల తప్పేమైనా జరిగిందా?" అన్నాడు భర్త.

"లేదండీ. ఇది మీ పని గురించి తీసుకున్న నిర్ణయం కాదు," అని, చివరి వాక్యం కోసం నోరు తెరిచింది. రాలేదు. డెబ్భై సెకన్లు. డెబ్భై అయిదు. సోమవారం, కుర్చీ, ఎనిమిదేళ్ళు, అన్నీ గడియారం ముల్లు మీద వేలాడుతున్నాయి.

భర్త పెన్ను తీశాడు. అరచేతిలో గబగబా రాసి ఎత్తి చూపించాడు.

'ఇంట్లో ఇవాళే చెప్పనక్కర్లేదు.'

"ఇంట్లో ఇవాళే చెప్పనక్కర్లేదు," అందామె. "మీకు వీలైనప్పుడు చెప్పండి."

"చక్కగా చెప్పారు. పాసయ్యారు," అంది పరీక్షకురాలు. తెర నల్లబడింది.

ఆమె లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అరచేతిలో సిరా ఇంకా తడిగా ఉంది. అప్పుడు తట్టింది.

"అవునూ, నేనది ఇంట్లో ఎప్పుడూ అనలేదుగా. మీకెలా తెలుసు?"

ఆయన నెమ్మదిగా చేతులు విడిపించుకుని, గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు.

"నాకీ కబురు చెప్పిన మా హెచ్ఆర్ అమ్మాయి కూడా సరిగ్గా అక్కడే తడబడింది."